తీసేసిన నాలుగు లైన్లు

ఆ రోజు ఉదయం శిష్యురాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనం వేళకి ఒక ఫైలు శుభ్రం చేయాలి. తర్వాత భోజనం చేయాలి. నాలుగింటికి మాస్టారి సంస్మరణ సభలో ఏడవకుండా కూర్చోవాలి. మూడింటిలో చివరిదొక్కటే కష్టమనుకుంది.

ఆమెను ఆఫీసులో అందరూ శిష్యురాలనే పిలిచేవారు. మాస్టారంటే కంపైలర్ విభాగంలో పెద్దాయన. మనుషులు రాసిన ప్రోగ్రాంని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టేది కంపైలర్. అందులో ఆయన ఇరవై ఏళ్లపాటు రాస్తూ వచ్చిన ఫైలు ఒకటుంది. ప్రోగ్రాంలో ఏ చిన్న పనైనా పూర్తవగానే దాని బల్ల మీదున్నవన్నీ, అంటే అది తాత్కాలికంగా రాసిపెట్టుకున్నవన్నీ, ఊడ్చేస్తారు. అయితే వాటిలో దేని అడ్రసైనా అప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే, దాన్ని ఊడ్చకూడదు. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు కాబట్టి గోడౌన్‌లో దాచాలి. ఏ అడ్రసు బయటికి పోయిందో, ఏది పోలేదో కనిపెట్టడమే ఆ ఫైలు పని.

రెండు నెలల క్రితం మాస్టారు గుండె ఆగి పోయారు. మరుసటి వారమే మేనేజర్ ఆ ఫైలు తెరిచి చూసి, "ఇది ఫైలా, చిక్కుపడ్డ ఊలు ఉండా? తీసి పారేసి కొత్తది రాయిద్దాం" అన్నాడు.

"సార్, నేను సర్దుతాను. ఒక్క అవకాశం ఇవ్వండి" అంది శిష్యురాలు. ఆమె అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు ఆఫీసులో ఎవరూ వినలేదు. అయినా మేనేజర్ రెండుసార్లు చెప్పించుకున్నాడు. సభ రోజుకల్లా సర్దితే ఫైలు ఉంటుంది, లేకపోతే పోతుంది అని గడువు పెట్టాడు. ఆ గడువు ఇవాళే.

పదింటికల్లా అంతా అయిపోయింది. చివర నాలుగు లైన్లు మాత్రం మిగిలాయి. పైన ఒకసారి చూసిన సంగతినే అవి కింద మళ్లీ చూస్తున్నట్టున్నాయి. మాస్టారు ఉంటే పక్క కుర్చీ లాక్కుని ఎందుకో చెప్పేవారు. శిష్యురాలు ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి, క్షమించమని మనసులోనే అడిగి, నాలుగు లైన్లూ తీసేసింది.

పరీక్షలు నడిపే సీనియర్‌ని ఆమె అన్నయ్య అనేది. అతను తెర చూసి కళ్లు పెద్దవి చేశాడు. "నాలుగు వేల పరీక్షలు, తప్పులు సున్నా! మాస్టారి కాలంలో కూడా ఇలా రాలేదమ్మా. కనీసం మూడైనా వచ్చేవి."

"బాగుందంటారా అన్నయ్యా?"

"బాగుండటమేంటి, నాకు కన్నీళ్లొస్తున్నాయి."

రావలసినవే, కాకపోతే కారణం వేరు. పరీక్షలు నడిపే ప్రోగ్రాం కూడా ఆ కొత్త కంపైలర్‌తోనే తయారైంది. ఎన్ని తప్పులొచ్చాయో అది లెక్కపెట్టి బల్ల మీద పెట్టేది, ఎవరూ చదవకముందే ఊడ్చేసేది.

"మన కంపైలర్‌ని మనమే వాడకపోతే ఎవరు వాడతారు?" అన్నది మేనేజర్ నియమం. అందుకని పరీక్ష దాటిన ప్రతి కంపైలర్‌తో ఆఫీసు గేటునీ, నోటీసుల్నీ నడిపే ప్రోగ్రాంని వెంటనే కొత్తగా తయారు చేసేవారు. పదిన్నరకి అదీ అయింది. అప్పుడే మేనేజర్ గేటు దగ్గర కార్డు పెట్టాడు. తెర మీద అంతకుముందు వచ్చిన మనిషి వివరాలు కనిపించాయి.

"సార్, మీరు ప్లంబర్ అని చూపిస్తోంది" అన్నాడు గార్డు.

"పదకొండేళ్లుగా చూస్తున్నావు కదయ్యా నన్ను!"

"చూస్తున్నాను సార్. కానీ మనిషిని చూసి కాదు, మిషన్‌ని చూసి పంపాలని మీరే కదా కాగితం ఇచ్చారు. అదిగో, అద్దం వెనకాల అంటించుకున్నాను."

తన సంతకం తనకే అడ్డం వచ్చేసరికి మేనేజర్ చేయి చాచాడు. గార్డు ఇచ్చిన ప్లంబర్ పాస్‌తో లోపలికి వచ్చాడు. ఆ పాస్‌కి బాత్‌రూమ్ వరండా తలుపు తప్ప మరోటి తెరుచుకోదు. వెళ్లాక తిరిగి బయటికి రావడానికీ తెరుచుకోలేదు.

ఆయన లోపల తలుపు బాదుతుండగానే సాయంత్రం సభ గురించిన నోటీసు అందరికీ వెళ్లింది. రాసినవాళ్లు మాస్టారి పేరే రాశారు. కానీ పంపేలోగా బల్ల ఊడ్చేయడంతో, ఆ చోటులో గేటు దగ్గర చివరగా కార్డు పెట్టిన మనిషి పేరు వచ్చి కూర్చుంది. మన ప్రియతమ మేనేజర్ ఇక లేరని నోటీసు చెప్పింది. ఆయన కుర్చీ చూస్తే ఖాళీగా ఉంది. అందరూ లేచి నిలబడ్డారు.

ముప్పావు గంట తర్వాత, అసలు ప్లంబర్ తలుపు తెరిస్తే, మేనేజర్ చెమటలు కక్కుతూ హాల్లోకి వచ్చాడు. తలలు వంచుకున్న జనాన్ని చూసి గొంతు తగ్గించాడు. "అయ్యో, ఎవరు పోయారు?"

అందరూ ఒకరి వెనక ఒకరు జరిగారు. చివరికి అన్నయ్యే తెగించాడు. "మీరే సార్."

మేనేజర్ నోటీసు రెండుసార్లు చదువుకున్నాడు. "నా గురించి ఏమైనా చెప్పుకున్నారా?"

"చెప్పుకున్నాం సార్. టైముకి వచ్చేవారని."

"ఇంకా?"

"ఆలోచిస్తుండగానే మీరొచ్చేశారు."

ఆయన ముఖం చూసి శిష్యురాలికి తన భయం కాసేపు మర్చిపోయేంత జాలేసింది. ఆ ముఖమే మరుక్షణం ఎర్రబడింది. అన్నయ్య అప్పటికి రెండూ రెండూ ఐదని ఒక పరీక్ష రాసి చూశాడు. అదీ సున్నా తప్పులే అంది. గుట్టు బయటపడింది.

"ఆ ఫైలే వద్దని రెండు నెలలుగా మొత్తుకుంటున్నాను!" అంటూ మేనేజర్ ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని మాస్టారి ఫైలు మొత్తం తీసేశాడు. "సార్, సార్" అంటూనే ఉంది ఆమె. ఇరవై ఏళ్ల పని పోవడానికి ఒక్క మీట సరిపోయింది. ఫైలు లేని కంపైలర్ గేటు ప్రోగ్రాంని ఉత్త డొల్లగా తయారు చేసింది. గేటు బిగుసుకుపోయింది. భోజనానికి ఎవరూ బయటికి పోలేకపోయారు. ముందు రోజు మిగిలిన బిస్కెట్లు పంచుకున్నారు.

మూడూ ముప్పావుకి గార్డు ఫోన్ చేశాడు. "సార్, మాస్టారి భార్యగారు వచ్చారు. ఎండలో నిలబడ్డారు. ఏం చేయమంటారు?"

మేనేజర్ కిటికీలోంచి చూశాడు. చేతిలో సంచి, తెల్లబడ్డ జుట్టు, గేటుకి అవతల ఒంటరిగా. ఆయన కోపం అక్కడితో కారిపోయింది.

"ఏం చేస్తే తెరుచుకుంటుంది?" అని మెల్లగా అడిగాడు.

"ఫైలు తిరిగి పెట్టాలి సార్. ఆ నాలుగు లైన్లతో సహా."

"పెట్టమ్మా. ఇక దాని జోలికి ఎవరూ వెళ్లొద్దు. నేనూ వెళ్లను."

శిష్యురాలు తన దగ్గరున్న పాత కాపీలోంచి ఫైలంతా తిరిగి పెట్టింది. పాత కంపైలర్‌తో అన్నీ మళ్లీ తయారయ్యాయి. నాలుగూ పదికి గేటు తెరుచుకుంది.

సభలో పెద్దగా ప్రసంగాలు జరగలేదు. అందరూ ఆకలితో ఉన్నారు. అయ్యాక ఆవిడ శిష్యురాలి దగ్గరికి వచ్చింది. "ఆయన రాసింది చూపిస్తావా అమ్మా? ఇన్నేళ్లు ఆఫీసు, ఆఫీసు అంటూ వచ్చారు. ఏం చేసేవారో ఒక్కసారి చూద్దామని."

"రండి పిన్నిగారూ" అని శిష్యురాలు ఫైలు తెరిచింది. తెరిచాకే చూసింది. ఏ లైను ఎవరు పెట్టారో పక్కనే పేరు వేస్తుంది కంప్యూటర్. తీసేసిన ఫైలుని తిరిగి పెట్టింది తాను కాబట్టి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా తన పేరే ఉంది. మాస్టారి పేరు ఒక్క చోట కూడా లేదు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చదివింది. "అన్నీ నీ పేరేనమ్మా. మరి ఆయన ఏం చేసేవారు?"

శిష్యురాలు వివరించబోతే ఏడుపు ముందొచ్చింది. ఆవిడే తెర మీద వేలు పెట్టింది. ఆ నాలుగు లైన్ల పైన మనుషులు చదువుకోవడానికి రాసిన మాట ఒకటుంది: ఎవరైనా అడుగుతారేమో, ఉండనీ.

"ఇది ఆయనే" అంది. "అటక మీద మూతల్లేని డబ్బాలు ఇంకా ఉన్నాయి. ఎప్పుడు తీసేద్దామన్నా ఇదే మాట." నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. శిష్యురాలు ఆవిడ చేయి పట్టుకుని కూర్చుండిపోయింది. ఉదయం వేసుకున్న పథకంలో మూడోది కూడా కాలేదు.

ఇప్పుడు ఆ ఫైలు గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా శిష్యురాలి దగ్గరికే వస్తారు, పక్కన ఉన్నది ఆమె పేరే కదా.