ఒక్క నొక్కు పథకం

పన్నుల శాఖ మంత్రిగారు చరిత్ర సృష్టించడానికి ఆ రోజు కొంచెం ఆలస్యంగా వచ్చారు. వచ్చీ రాగానే మైకు సవరించుకుని, ఇకమీదట ఏ పౌరుడికీ పన్ను రిటర్ను దాఖలు చేయడానికి రెండో మనిషి సాయం అక్కర్లేదని ప్రకటించారు.

"ఒక్క నొక్కు! బటన్ నొక్కుతారు. మీ ఫోనుకి ఓటీపీ వస్తుంది. అది కొడతారు. అయిపోయింది! పళ్లు తోముకోవడానికి మనిషిని పెట్టుకుంటున్నామా? మరి దీనికెందుకండీ? ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య ఇక గాలి కూడా దూరదు!"

విలేకరులు చప్పట్లు కొట్టారు. విలేకరులు చప్పట్లు కొట్టకూడదన్న సంగతి కొట్టాక గుర్తొచ్చి, గబగబా రాసుకోవడం మొదలుపెట్టారు.

ఈ చారిత్రక ఘట్టాన్ని టీవీలో తిలకించిన ధన్యుల్లో రిటర్నుల బాబాయి ఒకడు. ఆయన అసలు పేరు బోర్డు మీద ఉండేది గానీ ఎండకి వెలిసిపోయింది. టైలరు షాపు పక్కన ఒక గది, అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక టీవీ, కొన్ని కుర్చీలు, ఓ జిరాక్సు మిషను. మిషను దగ్గర ఆయన భార్య. ఊరందరికీ ఆయన బాబాయి కాబట్టి ఆవిడ పిన్ని అయింది.

కుర్చీల్లో ఒకదానికి కాలు కుంటి. బాబాయి దాన్ని బాగుచేయించడు. ఎందుకంటే మంత్రిగారు ఇంకా మంత్రి కాకముందు, ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు నడుపుకునే రోజుల్లో, రిటర్ను వేయించుకోవడానికి వచ్చి అందులోనే కూర్చునేవారు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ బాబాయి ఈ సంగతి చెప్పేవాడు. విన్నవాళ్లు భక్తిగా లేచి వేరే కుర్చీలోకి మారేవాళ్లు.

"విన్నారా? మీ కుంటి కుర్చీ ఆయన మిమ్మల్ని పీకేశాడు," అంది పిన్ని.

"నన్ను కాదే, దళారుల్ని."

"మీరెవరు మరి?"

బాబాయి గదిలోకి చూశాడు. వెయిటింగులో ఉన్న క్లయింట్లంతా మంత్రిగారికి చప్పట్లు కొట్టి, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చున్నారు.

"ఇక మీరే చేసుకోవచ్చంటగా, వెళ్లరా?" అని అడిగాడు బేకరీ ఓనరుని.

"వెళ్తా బాబాయ్. ఆ బటన్ ఎక్కడుందో కాస్త చూపించండి. నొక్కేది మాత్రం నేనే."

ఆ వారం బాబాయికి ఊపిరాడలేదు. ఒక్క నొక్కు పథకం వచ్చాక, ఎన్నడూ రిటర్ను ముఖం చూడనివాళ్లు కూడా నొక్కించుకోవడానికి వచ్చారు. బ్యూటీ పార్లరావిడ ఏడాది బిల్లులన్నీ కూరల సంచీలో కుక్కి తెచ్చి బల్ల మీద బోర్లించింది. వాటిల్లోంచి అత్తగారి మందుల చీటీ, ఒక జత గాజులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు బయటపడ్డాయి. "అవి కూడా ఖర్చే కదా బాబాయ్?" అంది. బిల్డింగ్ కాంట్రాక్టరు అసలు కాగితాలే తేలేదు. "ముందు టాక్సెంతో చెప్పండి. దాన్నిబట్టి ఆదాయం చెప్తా," అన్నాడు. పనయ్యాక ఫీజు దగ్గర అందరిదీ ఒకటే మాట: "ఒక్క నొక్కే కదా, సగం తీసుకోండి."

ఇవన్నీ బాబాయికి అలవాటే. ఆయన్ని నిజంగా ఏడిపించేది ఓటీపీ. ఒకప్పుడు బేకరీ ఓనరు తన రిటర్నుకి బావమరిది నంబరు ఇచ్చాడు. తర్వాత ఆస్తి గొడవలొచ్చి ఇద్దరికీ మాటల్లేవు. సరిగ్గా గడువు రోజున ఓటీపీ బావమరిదికి వెళ్లింది. "ముందు బావ చేత సారీ చెప్పించండి, అప్పుడు చదువుతా," అని వాడు భీష్మించుకుని కూర్చున్నాడు. బాబాయి ఇద్దరి మధ్యా రాయబారం నడిపేసరికి గడువు దాటిపోయింది. ఆ దెబ్బకి బాబాయి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇక క్లయింటు ఎవరైనా సరే, సొంత ఫోను ఉన్నా సరే, ఫోను నంబరు అన్న చోట తన షాపు ఫోను నంబరే వేస్తూ వచ్చాడు.

అది పాత బటన్ల ఫోను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చార్జరు తీస్తే ఆరిపోతుంది కాబట్టి గోడ పక్క బల్ల మీదే, కట్టేసిన గేదెలా పడి ఉంటుంది. ఊళ్లో ఎవరి రిటర్ను కదిలినా అది టింగుమంటుంది. బాబాయి కళ్లజోడు తుడుచుకుని, "రాసుకోండి," అంటాడు.

మంగళవారం పన్నుల శాఖ ఇన్‌స్పెక్టరుగారు లక్క, కొవ్వొత్తి పట్టుకుని వచ్చారు.

"మాస్టారూ, మీరు లేరండీ," అన్నారు బాధగా.

"ఎవరు లేరు సార్?"

"మీరే. ఉత్తర్వొచ్చింది. మధ్యవర్తి అనేవాడు నిన్నటి నుంచి లేడు."

"మరి మీరిప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు?"

"అదే నాకూ ఇబ్బందిగా ఉంది. అందుకే తొందరగా సీలేసి పోదామని." ఇన్‌స్పెక్టరుగారు వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేశారు. జేబులోంచి మడిచిన కాగితాలు తీశారు. "దానికి ముందు, నాది ఒక్కటి నొక్కేయండి. మీరు లేకుండా పోతే మళ్లీ కష్టం."

బాబాయి నొక్కాడు. ఫోను టింగుమంది. ఇన్‌స్పెక్టరుగారు రాసుకున్నారు. రసీదు జేబులో పెట్టుకుని, కొవ్వొత్తి వెలిగించారు.

"సోమవారం మన బజారు చివర మైదానంలో మంత్రిగారు జనం ముందు స్వయంగా నొక్కుతారు. లైవు. అది సక్సెస్ కాగానే సీలు శాశ్వతం అవుతుంది," అని వివరించారు.

"కాకపోతే?"

"కాకపోవడం అనే మాట ఉత్తర్వులో లేదండీ."

బాబాయి గది నలుమూలలా చూశాడు. కూతురి చదువు, ఇల్లు, పిన్ని కళ్ల ఆపరేషను, అన్నీ ఆ గదే చేసిపెట్టింది. ఈ వయసులో ఇంకో పని నేర్పేవాళ్లూ లేరు, నేర్చుకునే ఓపికా లేదు. పైకి మాత్రం ఒక్కటే అడిగాడు.

"సార్, ఆ ఫోను ఒక్కటీ తీసుకోనివ్వండి."

"సామాన్ల జాబితాలో రాసేశానే! ఇక అది సీలు లోపలి వస్తువు. చార్జరు కూడా రాశాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలి, కాబట్టి ప్లగ్గు కూడా పీకకూడదు."

"తర్వాత తీయాలంటే?"

"సీలు తీయాలంటే మంత్రిగారి సంతకం కావాలి."

మర్నాటి నుంచి పథకం ఊపందుకుంది. జనం ఇళ్లలో కూర్చుని నొక్కుతున్నారు. సీలు వేసిన గదిలో ఫోను టింగు టింగుమంటోంది. అరగంట చూసి, ఓటీపీ రాలేదని ఒక్కొక్కరే షాపు ముందుకి వచ్చారు. కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి చూస్తే ఫోను కనబడుతోంది గానీ దాని ముఖం గోడవైపు ఉంది.

"నంబరు మార్పించుకోండయ్యా," అన్నాడు టైలరు.

"మార్చడానికి కూడా పాత నంబరుకే ఓటీపీ వస్తుందంట," అంది బ్యూటీ పార్లరావిడ.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చెవి తలుపుకి ఆనించి విన్నారు. మూసేసిన షాపులో మనిషి లేకుండానే అక్రమంగా వ్యాపారం నడుస్తోందని పైకి రిపోర్టు రాశారు. శాఖవారు ఆ రిపోర్టు చదివి, పథకానికి వస్తున్న స్పందనకి అదే నిదర్శనమని పత్రికలకి విడుదల చేశారు.

సోమవారం వచ్చింది. మైదానంలో పెద్ద తెర, దాని ముందు వేదిక, వేదిక మీద మంత్రిగారు, ఆయన ముందు ఒక కంప్యూటరు. బాబాయి, పిన్ని టైలరు షాపులో బల్ల మీద కూర్చుని టీవీలో చూస్తున్నారు. మైదానానికి వెళ్లడానికి బాబాయికి మనసొప్పలేదు. తన షాపు గోడకి ఆనుకుని కూర్చుంటే కాస్త ధైర్యంగా ఉంది.

"నాకూ నా ప్రభుత్వానికీ మధ్య ఎవరూ లేరు!" అని మంత్రిగారు చూపుడు వేలు ఆకాశానికెత్తి, మూడువైపులా కెమెరాలకి చూపించి, దించి, నొక్కారు.

గోడ అవతల టింగుమంది.

మంత్రిగారు తన ఫోను వంక చూశారు. తెర మీద పెద్ద అక్షరాలతో పడింది: మీ ఫోనుకి ఓటీపీ పంపబడినది. దాని కింద ఆ ఫోను నంబరు, చివరి నాలుగంకెలు మాత్రం కనబడేలా.

పిన్ని కుట్టుమిషను మీద చెయ్యి వేసి లేచింది. "ఏమండీ, అది మన నంబరు కాదూ?"

బాబాయి తలూపాడు. మంత్రిగారు ఫోను దులిపారు. పైకెత్తి పట్టుకున్నారు. మళ్లీ నొక్కారు. గోడ అవతల మళ్లీ టింగుమంది.

"ఈ ఆలస్యం కూడా పారదర్శకతలో భాగమే," అని జనానికి చెప్పి, మంత్రిగారు తన బాల్యం గురించి ప్రసంగం మొదలుపెట్టారు.

"నోరు మూసుకుని కూర్చోండి," అంది పిన్ని మెల్లగా. "ఇది ఫెయిలైతే మన షాపు మనకొస్తుంది."

బాబాయి కూర్చున్నాడు. మంత్రిగారి బాల్యం ఐదో తరగతి దాటేదాకా ఎలాగో కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు.

"మన క్లయింటే," అన్నాడు నీరసంగా. "రిటర్ను మధ్యలో ఆగిపోయింది. ఎట్లా చూస్తూ కూర్చోమంటావు?"

"మీరు బాగుపడరు," అంది పిన్ని. అని, తన ఫోను తీసి తనే ఇన్‌స్పెక్టరుగారి నంబరు కలిపి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరుగారు మైదానం నుంచి పరుగున వచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఆయన నంబరు అన్నచోట మీ నంబరెందుకుంది మాస్టారూ?"

"అప్పట్లో ఆయన నెలకో నంబరు మార్చేవారు సార్. అప్పులవాళ్ల బాధ."

"సరే, తొందరగా చదవండి!"

"సీలుంది కదా సార్. మంత్రిగారి సంతకం..."

"మంత్రిగారు స్టేజీ మీదున్నారు, హైస్కూల్లో చేరారు! ఎట్లా తెమ్మంటారు?"

"పైగా నేను లేను కదా సార్," అన్నాడు బాబాయి వినయంగా. "లేనివాడు ఓటీపీ ఎట్లా చదువుతాడు?"

ఇన్‌స్పెక్టరుగారు తను వేసిన సీలుని తన గోళ్లతో తనే గీకేశారు. బాబాయి లోపలికి వెళ్లి, ఫోను తిప్పి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"రాసుకోండి సార్."

బాబాయి ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఫోనులో స్టేజీ వెనకున్న పీఏకి చెప్పారు. పీఏ మంచినీళ్లు అందించే నెపంతో వెళ్లి మంత్రిగారి చెవిలో చెప్పాడు. మంత్రిగారు కొట్టారు. తెర మీద పచ్చటి టిక్కు పడింది. బాణసంచా పేలింది.

"చూశారా!" అన్నారు మంత్రిగారు, కళ్లు చెమర్చగా. "మధ్యలో ఎవరైనా ఉన్నారా? దళారుల షాపులన్నీ ఈ క్షణం నుంచి శాశ్వతంగా మూతపడ్డాయి!"

జనం ఈలలు వేశారు. ఇన్‌స్పెక్టరుగారు నిట్టూర్చి, జేబులోంచి మళ్లీ లక్క తీశారు. బాబాయి కంప్యూటరు మీద దుమ్ము ఒకసారి తుడిచి, పిన్ని వంక చూడకుండా గడప దాటాడు.

"ఇప్పుడు," అని టైలరు షాపు టీవీలోంచి మంత్రిగారి గొంతు వినబడింది, "మన శాఖ కమిషనరుగారు, ఈ ఉత్తర్వు మీద సంతకం చేసిన మహానుభావుడు, తన రిటర్ను తానే నొక్కుతారు!"

లోపల ఫోను టింగుమంది.

ఇన్‌స్పెక్టరుగారి చేతిలో కొవ్వొత్తి ఆగిపోయింది. బాబాయి గడప మీద నుంచే వెనక్కి తిరిగాడు. అప్పటికే తెరిచిన తలుపు చూసి బేకరీ ఓనరు, బ్యూటీ పార్లరావిడ, కాంట్రాక్టరు వరసలో నిలబడి ఉన్నారు.

మర్నాడు పొద్దున పన్నుల శాఖవారు షాపు తలుపుకి కొత్త నోటీసు అంటించారు. కింద కమిషనరుగారి సంతకం, గుండ్రటి ముద్ర ఉన్నాయి. క్లయింట్లు కూర్చున్నచోటు నుంచి వినేలా పిన్ని దాన్ని పైకి చదివింది.

"ఈ షాపు శాశ్వతంగా మూసివేయబడినది. ఆదివారం సెలవు."