వియ్యపురాలు అడిగిన ఊలు శాలువా

కోటబొమ్మాళి బజారులో మేకులు, బోల్టులు, తాళాలు అమ్ముకునే భీమశంకరరావుకి పేరులో భీముడున్నాడు గాని ఒంట్లో లేడు. రెండు చేతులూ చాపించి ఊలు చిలప, అంటే ఉండ చుట్టని దారపు కట్ట, తగిలిస్తే అచ్చం బట్టలారేసే దండెంలా ఉంటాడని భార్య కూర్మమ్మే అంది. సరదాకి అన్నదో అవసరానికి అన్నదో గాని, కూతురు సింధూరి పురిటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన సాయంత్రాలన్నీ దండెంగానే గడిచిపోతున్నాయి. దుకాణం కట్టేసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని చేతులు చాపడం, ఆవిడ ఉండ చుట్టడం.

కూర్మమ్మ ఈ అల్లిక ఫోనులో చూసి నేర్చుకుంది. మొదట మనవరాలికి మామూలు తెల్ల టోపీ ఒకటి అల్లింది. అది పెట్టగానే బుజ్జిది నవ్వింది. ఆ ఒక్క నవ్వూ నవ్వకుండా ఉంటే తన భుజాలు బాగుపడేవని భీమశంకరరావు చాలాసార్లు అనుకున్నాడు.

ఆ తర్వాత జీడిమామిడి పండు టోపీ వచ్చింది, నడినెత్తిన పిక్కతో సహా. పనసకాయ దిండు వచ్చింది. ఉయ్యాలకి ఎండుచేపల దండ వచ్చింది. అవి ఊలు చేపలని ఎంత చెప్పినా వినక పక్కింటి పిల్లి రోజూ ఉయ్యాల కింద కాపలా కూర్చుంటోంది. పిల్ల సరంజామా అయ్యాక కూర్మమ్మ చూపు ఇంటి మీద పడింది. గ్యాసు బండ గౌను తొడుక్కుంది. మిక్సీ ముసుగేసుకుంది. చివరికి దుకాణంలో సుత్తికి కూడా తొడుగొచ్చింది. సుత్తికి దెబ్బ తగలకుండానట.

ఎండలు ముదురుతున్నాయి కదా, ఈ ఊలుతో పిల్లకి చెమటకాయలు పడతాయేమోనని ఒకరోజు ఆయన మెల్లగా కదిపి చూశాడు.

"పిల్ల ఏసీలో ఉంటాది బావా. నిన్ను తొడుక్కోమన్నానేటి?" అంది కూర్మమ్మ. ఆవిడ ఆయనకి మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపే, ఆ తగువే.

ఆ వారంలోనే ఆయన బట్టతలకి కుందేలు చెవుల టోపీ తయారైంది. నేరుగా మాట్లాడితే ఏమొస్తుందో అప్పుడర్థమై, దొంగదారి వెతుక్కున్నాడు.

ఆ దారి సాలూరు మీదుగా పోతుంది. సింధూరి అత్తవారిది సాలూరు. వియ్యంకుడు నారాయణమూర్తికి లారీలున్నాయి, భార్య ఈశ్వరికి నోరుంది. పెళ్ళి భోజనాల దగ్గర ఆవిడ ఒక ముద్ద తిని, "పులిహోరలో పులుపేదీ? హోరొక్కటే ఉన్నాది" అంది. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ రోజు నుంచీ కూర్మమ్మ వియ్యపురాలి పేరెత్తితే మండిపడేది. ఇంట్లో పులిహోర చేస్తే పళ్ళు పులిసిపోయేటంత చింతపండు పిండేది.

భీమశంకరరావు లెక్క ఏమిటంటే, ఊలు సామాను ఈశ్వరికి కూడా కావాలట అని చెబితే చాలు, కూర్మమ్మ ఒళ్ళు మండి సూది కిటికీలోంచి విసిరేస్తుంది. తను చేతులు దించుకోవచ్చు.

మర్నాడు దుకాణం నుంచి వస్తూనే, కండువా తీయకుండానే, వియ్యపురాలు ఫోన్ చేసిందని చెప్పాడు. పిల్లకేనా, మాకు లేవా, నాకొక శాలువా, ఆయనకొక టోపీ అల్లమనండి అని గట్టిగా అడిగిందని చెప్పాడు. గొంతులో కాస్త కోపం కూడా కలిపాడు.

కూర్మమ్మ సూది ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"ఈశ్వరొదినే అడిగినాదా?"

"నా సెవులారా విన్నాను."

"నోరు తెరిచి అడిగితే కాదంటామేటి బావా? అల్లుతాను," అంది ఆవిడ. "అన్నయ్యగారి తల కొలత కావాల. నువ్వే కనుక్కో."

పక్కన పిల్లని జోకొడుతున్న సింధూరికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. లేచి లోపలికి పోయింది.

వియ్యంకుడికి ఫోన్ చేసి తల చుట్టుకొలత అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్ళకే తెలుస్తుంది. నారాయణమూర్తి తనకి హెల్మెట్ కొంటున్నారనుకుని చాలా సంతోషించి, కొలత చెప్పి, నల్లరంగు బావుంటుందన్నాడు.

శాలువా అంటే చిన్న పని కాదు. టోపీలకి సాయంత్రం ఒక చిలప సరిపోయేది, శాలువాకి మూడు నాలుగు కావలసి వచ్చాయి. దండెం పని ఒక్కటీ చాలక, కూర్మమ్మ ఆయన చేతికి కూడా ఒక కొక్కెం సూది ఇచ్చింది. అంచు కుచ్చులు నువ్వే ముడెయ్యి, మేకులు కొట్టే చేతులే కదా, వణకవు అంది. దుకాణానికి కూడా ఊలు సంచి కట్టి పంపింది. తాళం కొనడానికొచ్చిన గంగులు ఆయన ఒళ్ళో గులాబీరంగు కుచ్చులు చూసి, తాళం సంగతి మర్చిపోయి, బజారంతా చెప్పడానికి వెళ్ళిపోయాడు.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. కూర్మమ్మ ఎప్పుడైనా ఈశ్వరికి ఫోన్ చేస్తే? నేనెప్పుడడిగానని ఆవిడంటే? చల్లారిన పులిహోర మళ్ళీ పొయ్యెక్కుతుంది. మధ్యలో నలిగేది సింధూరి. ఆ పిల్ల రేపు వెళ్ళి కాపురం చెయ్యాల్సింది ఆ ఇంట్లోనే. ఇది తట్టినప్పటి నుంచీ ఆయనకి అన్నం సహించలేదు. ముందే చెబితే సరదా ఉండదని, ఫోన్ చెయ్యొద్దని భార్యని బతిమాలుకున్నాడు. నీ మాట ఎప్పుడు కాదన్నానని ఆవిడ బుద్ధిగా తలూపింది. ఆ బుద్ధి చూసైనా ఆయనకి అనుమానం రావలసింది. అలసిపోయిన మనిషి, రాలేదు.

బుజ్జిదానికి ఐదో నెల వచ్చింది. తల్లినీ బిడ్డనీ తీసుకెళ్ళడానికి వియ్యాలవారు సాలూరు నుంచి కారులో వచ్చారు. నారాయణమూర్తిని పక్కకి లాగి నిజం చెప్పేద్దామని భీమశంకరరావు రెండుసార్లు వీధిలోకి తీసుకెళ్ళాడు. రెండుసార్లూ ఆయన హెల్మెట్ ఏదని అడిగాడు.

భోజనాలయ్యాక కూర్మమ్మ మూట తెచ్చి అందరి మధ్యా విప్పింది. శాలువా ఈశ్వరి ఒళ్ళో పెట్టింది.

"మీరు అడిగినారట కదొదినా. ఎలాగున్నాదో సూడండి."

భీమశంకరరావు ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది గాని ఆయనకి గాలి తగలలేదు. ఈశ్వరి శాలువా చూసింది, కుచ్చులు తడిమింది, తర్వాత ఆయన్ని చూసింది.

"అవునొదినా, నానే అడిగినాను," అంది చివరికి.

ఆ క్షణంలో ఆయన మనసులోనే వియ్యపురాలి కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ నోటిని గురించి ఇన్నాళ్ళూ అనుకున్నవన్నీ వెనక్కి తీసుకున్నాడు. కాని ఆవిడ ఇంకా ఆపలేదు.

"అన్నయ్యగారూ, ఇంకోటి కూడా అడిగినాను గదా, మర్సిపోనారా? బుజ్జిదానికి తాతగారు సొంతంగా అల్లిన పీత బొమ్మ కావాలన్నాను. అప్పుడు మీరు సరేనన్నారు."

కాదంటే మొదటిది అబద్ధమవుతుంది. ఆయన నోరు తెరిచి, మూసి, సరేనన్నానని ఒప్పుకున్నాడు. నారాయణమూర్తి నల్లటి ఊలు టోపీ పెట్టుకుని, ఇందులో గట్టిదనం ఎక్కడుందో అని లోపల్నుంచి తడుముకుంటున్నాడు.

సాయంత్రం కారు కదిలింది. బుజ్జిది జీడిపండు టోపీలోంచి అందర్నీ వింతగా చూసింది. సింధూరి అమ్మని పట్టుకుని ఏడ్చి, నాన్నని చూసి నవ్వాపుకుంది. కారు మలుపు తిరిగాక కూర్మమ్మ అరుగు మీద కూలబడింది. ఆయనా పక్కనే కూర్చున్నాడు. ఇల్లంతా ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. ఇక దాచే ఓపిక లేక, వియ్యపురాలు ఏదీ అడగలేదని, తనే కల్పించానని చెప్పేశాడు.

"నువ్వు సెప్పిన రోజే తెలుసు," అంది కూర్మమ్మ.

రోజూ మధ్యాహ్నం ఈశ్వరి వీడియోలో మనవరాల్ని చూసుకుంటుందట. పిల్ల పుట్టిన రోజు నుంచీ ఒక్కరోజూ తప్పలేదట. పిల్లకి స్నానం పోసేటప్పుడు, ఉగ్గు పెట్టేటప్పుడు ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకుంటారట. పులిహోర మాటకి ఆవిడ ఎప్పుడో నవ్వుతూ క్షమించమంది, ఈవిడ కూడా నవ్వేసింది. ఆ పాత తగువు బతికుందని నమ్ముతున్నది ఈ ఇంట్లో భీమశంకరరావు ఒక్కడేనట.

"మరి తెలిసీ నాసేత అంత సాకిరీ ఎందుకు సేయించినావే?"

"సేతులు నొప్పెడతన్నాయి కూర్మీ అని ఒక్క మాట సెప్పుంటే ఆ రోజే మానేద్దును. సెప్పినావా? సాలూరు దాకా ఎల్లి అబద్ధం తెచ్చినావు."

నిజమే, నొప్పని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామనుకున్నాడు గాని, ఆవిడ కళ్ళు మలుపు వైపే ఉన్నాయి. ఇక ఆ చేతులకి పొద్దస్తమానం ఏం పని ఉంటుందా అనిపించి ఊరుకున్నాడు.

కాసేపటికి ఆవిడే లేచి లోపలికి వెళ్ళి ఎర్ర ఊలు ఉండ, సూది తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"పీతకి కాళ్ళెన్నుంటాయే?" అని నీరసంగా అడిగాడు భీమశంకరరావు.

"పది. డెక్కలతో కలిపి," అంది కూర్మమ్మ, పక్కన సర్దుకుని కూర్చుంటూ. "తొందరేటి లేదులే బావా. ఒక్కో కాలే అల్లు."