సముద్రానికి మూడు నోటీసులు

నడవడం మనిషికి సహజంగా అబ్బే విద్య అని చాలామంది పొరపడుతుంటారు. మా దేశంలో ఆ పొరపాటును సరిదిద్దడానికి ఏకంగా ఒక శాఖే ఉంది. దాని పేరు కాలిబాటల అభివృద్ధి మరియు దృశ్యాల నిర్వహణ శాఖ. ఆ శాఖ రాకముందు జనం ఇష్టమొచ్చినట్టు నడిచేవారు. కొండ కనిపిస్తే ఎక్కేవారు, సముద్రం కనిపిస్తే ఒడ్డున కూర్చునేవారు, అలిసిపోతే ఇంటికెళ్ళి పడుకునేవారు. ఇంత అరాచకాన్ని ఏ ప్రభుత్వం మాత్రం ఎన్నాళ్ళని సహిస్తుంది?

అందుకని సముద్రతీరం, పల్లెలు, పొలాలు, చిట్టచివర ఒక ద్వీపం కలుపుతూ కాలిబాట వేశారు. (వేశారంటే, బాట తాతల నాటినుంచీ ఉంది. వీళ్ళు బోర్డులు పెట్టారు.)

ఆ బాటంతా నడవాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. దానికో కారణం ఉంది. కిందటేడు మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ద్వీపంలో ఉండే వాళ్ళక్క పడవెక్కి వచ్చి, నెలల తరబడి దగ్గరుండి, చెయ్యి పట్టుకుని పసిపిల్లలా నడిపించింది. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఈసారి నువ్వే రావాలి. పడవెక్కి వచ్చావో, తలుపు తియ్యను. నడిచి రా" అంది.

"వస్తా. బురద కాళ్ళతో నీ వాకిలంతా తొక్కి పెడతా, కడుక్కుంటూ కూచో" అంది మా ఆవిడ. నవ్వుతూనే అంది కానీ, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఇక నడక మొదలుపెట్టాం. శాఖవారి యాప్ చేతిలో లేనిదే అడుగు వేయరాదు. ప్రతి దృశ్యం దగ్గరా ఆగి, చూసి, 'బాగుంది' నొక్కితేనే తర్వాతి దృశ్యానికి అనుమతి వస్తుంది. ఒక రాళ్ళ ఒడ్డు దగ్గర మా ఆవిడ 'పర్వాలేదు' నొక్కింది. యాప్ నొచ్చుకుంది. కారణాలు వివరించమంది, మరోసారి తీరిగ్గా చూడమంది. మళ్ళీ చూశాం. ఆ రాళ్ళు నిజంగానే పర్వాలేదు. అయినా 'అద్భుతం' నొక్కి బతికి బయటపడ్డాం.

పొలాల్లో గట్టుమీద నడిచేవారు ఎడమవైపు, పశువులు కుడివైపు ఉండాలని బోర్డు ఉంది. గట్టేమో ఒక మనిషికే చాలదు. ఎదురొచ్చిన ఆవు బోర్డు చదివినట్టు లేదు. మేమే పొలంలోకి దిగి దారిచ్చాం. అక్కడ పనిచేస్తున్న రైతు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏం పోగొట్టుకున్నారు?" అని ఆప్యాయంగా అడిగాడు. ఏమీ పోలేదు, ఊరికే నడుస్తున్నాం అన్నాం. పాపం, నమ్మలేదు.

అలా నడిచి నడిచి ద్వీపానికి ఎదురుగా ఉన్న ఒడ్డుకు చేరాం. అక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసకలో దారి తేలుతుంది. ఆ దారికి శాఖవారు ఒక గేటు పెట్టారు. గేటు తీసేది పదింటికి. సముద్రమేమో ఆ వారంలో తెల్లవారకముందే తగ్గి, పదయ్యేసరికి నిండిపోతోంది.

"మరి పొద్దున్నే తియ్యొచ్చు కదండీ?" అని గేటు దగ్గరున్న నడకాధికారిని అడిగాను.

"ఆఫీసు వేళలు ఆఫీసు వేళలే సార్" అన్నాడాయన.

"సముద్రం మధ్యాహ్నం తగ్గే రోజులు కూడా ఉంటాయిగా?"

"ఉంటాయి. అప్పుడు భోజన విరామం."

"పదకొండింటికి తగ్గితే?"

"సిబ్బంది సమావేశం." ఆయన గొంతు బాధగా మారింది. "మేం వేళ తప్పట్లేదు సార్. తప్పేది ఆ సముద్రమే. ఇప్పటికి మూడు నోటీసులిచ్చాం. ఒడ్డున అంటిస్తే అల వచ్చి పట్టుకుపోయింది. అందినట్టే రాసుకున్నాం. జవాబు మాత్రం లేదు, చూడండి ఎంత పొగరో!"

మాకిచ్చిన అనుమతి మర్నాటి వరకే. అది దాటితే మళ్ళీ వానలు వెళ్ళాకే. మా ఆవిడ రాత్రి సరిగ్గా తినలేదు. "అక్క ఎదురుచూస్తూ ఉంటుందండీ" అని మాత్రం అంది.

తెల్లవారుతుండగా గేటు దగ్గరికి వెళ్ళాం. అప్పటికే అక్కడ పెద్ద క్యూ ఉంది. ఎదురుగా ద్వీపం దాకా తడి ఇసక నున్నగా మెరుస్తోంది. జనం దాన్ని చూస్తూ, పదెప్పుడవుతుందా అని ఓపిగ్గా నిలబడ్డారు.

"ఏవండీ, ఆ గేటుకి అటూ ఇటూ ఏముంది?" అంది మా ఆవిడ.

"ఇసక."

"కంచె లేదుగా?"

"లేదు."

"మరి మనమెందుకు నిలబడ్డాం?"

(చదువుకున్నవాణ్ణి. గేటు కనిపిస్తే ఆగిపోవడం అలవాటు.) ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని గేటు పక్కనుంచి దిగిపోయింది. వెనకే నేనూ. "లైన్ తప్పుతున్నారమ్మా, లైన్ తప్పుతున్నారు!" అని క్యూ అంతా గోల పెట్టింది. ఒక్కరూ కదిలితే ఒట్టు. కాళ్ళకింద చల్లటి బురద, చుట్టూ పీతల పరుగులు, ముందు చకచకా మా ఆవిడ. నెలలపాటు కర్ర పట్టుకుని నడిచిన మనిషి! నాకు సంతోషం పట్టలేక పిచ్చివాడిలా నవ్వొచ్చేసింది.

ద్వీపం ఒడ్డున ఇంకో గేటు, దాని పక్కన ఇంకో అధికారి, ఆయన వెనక మా వదినగారు.

"అటు ఒడ్డున గేటు దగ్గర వేసే ముద్ర ఏదండీ?" అన్నాడాయన. "ముద్ర లేకపోతే మీరు రానట్టే లెక్క."

"రాకపోతే ఈ బురద కాళ్ళు ఎవరివయ్యా?" అని వదినగారు ఆయన్ని పక్కకు నెట్టి, చెల్లెల్ని వాటేసుకుని, ఏడుస్తూ నవ్వుతూ, "మరిదీ, తెచ్చావయ్యా దీన్ని!" అంది. తెచ్చింది నేను కాదని చెప్పాను. వినలేదు.

అక్కాచెల్లెళ్ళు ఇంటిదారి పట్టాక, ఆ అధికారి నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. ఈ గేటు మోసుకుని తనే నడిచొచ్చాడట. పాతిన మర్నాటినుంచీ పదింటి నియమంతో దారి మూతపడి, ఇక్కడే చిక్కుకుపోయాడు. కాలిబాటల సిబ్బంది పడవెక్కితే శాఖ పరువు పోతుందట. పెళ్ళాం పిల్లలు అటు ఒడ్డునే ఉన్నారు.

"గేటు పక్కనుంచి వచ్చేశారా? నిజంగా?" అన్నాడు.

"వచ్చేశాం. రేపు తెల్లారకుండా వెళ్ళిపోతాం. మీరూ మాతో వచ్చెయ్యండి."

ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు మేం వచ్చేసరికే స్నానం చేసి, తల దువ్వుకుని, గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే సంబరంగా పరుగెత్తుకొచ్చి, గేటు పక్కనుంచి నడవడానికి అనుమతి కోరుతూ రాసిన దరఖాస్తు నా చేతిలో పెట్టి, అటు ఒడ్డున ఇచ్చెయ్యమన్నాడు.