టన్నుకు తక్కువైతే గేటు దాటదు

పద్దెనిమిదేళ్లుగా మంటలనాపే పొడిని సంచులకెత్తుతున్న బొడ్డేటి పైడిరాజు ఫిబ్రవరి మొదటి మంగళవారం పొద్దున తానే ఆ పొడి అయిపోయాడు. కాళ్లూ చేతులూ ముక్కూ మీసమూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మాట కూడా పోలేదు. మనిషి మాత్రం సరుకైపోయాడు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది ఆయన భార్య నూకరత్నం. ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చి టీ అడగ్గానే గ్యాసు పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరింది. ఆయన్ని వీధిలోకి పంపి వెలిగిస్తే భగ్గుమని మండింది.

"మావా, నువ్వు అరుగు మీదే ఉండు. టీ నానే తెస్తాను," అంది నూకరత్నం. పొయ్యి దగ్గర ఆడవాళ్లకి ఇంతకంటే పెద్ద చిక్కులు ఉంటాయి కనుక ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు.

పైడిరాజు అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించబోయాడు. అగ్గిపెట్టె ఖాళీ అయింది కానీ ఒక్క పుల్లా అంటుకోలేదు. బారెడు సందుకు అవతలి ఎదురింటావిడ అట్లకాడతో బయటికొచ్చి, "అన్నయ్యా, కూసింత అటు జరుగుదూ, అట్టు సగం కాలి ఆగిపోనాది," అని మర్యాదగానే అడిగింది. ఆయన జరిగాడు. పక్కింటివాళ్లూ అడిగారు. మళ్లీ జరిగాడు. అలా జరుగుతూ జరుగుతూ ఏడుంబావుకల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలాడు. ఎలాగూ ఆయనది మొదటి షిఫ్టే.

ఆ ఫ్యాక్టరీ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. అనకాపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. సోఫాల్లో, కర్టెన్లలో, టీవీ వెనక డొప్పల్లో కలిపే తెల్లపొడి అక్కడ తయారవుతుంది. అది కలిపితే నిప్పురవ్వ పడినా వస్తువు అంటుకోదు. అబద్ధమెందుకు, మంచి పొడే. దానికి పదహారు భాగాల జాగ్రత్తల పత్రం ఒకటి ఉంది, పూర్తిగా ఇంగ్లీషులో. షెడ్డు గోడకు దాన్ని లామినేషన్ చేయించి తగిలించారు. అది వేలాడే మేకు గట్టిది కాబట్టి కార్మికులు చొక్కాలు కూడా దానికే తగిలించేవారు. ముక్కుకు కట్టుకునే మాస్కులూ కళ్లద్దాలూ చేతి తొడుగులూ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంటాయి, చూడ్డానికొచ్చే పెద్దలకోసం. పనివాళ్లకి షిఫ్టు దిగేటప్పుడు తలా ఒక బెల్లంముక్క ఇస్తారు. లోపలికి పోయిన పొడిని బెల్లం చుట్టుకుని కిందికి దింపేస్తుందని అక్కడ అందరి నమ్మకం. యాజమాన్యం నమ్మకం మరికాస్త ఎక్కువ. రిజిస్టరులో రక్షణ పరికరం అన్న గడిలో రోజూ "బెల్లం" అనే రాస్తారు.

సేఫ్టీ ఆఫీసరు విద్యాధరరావు పైడిరాజును కుర్చీలో కూర్చోబెట్టి, కొవ్వొత్తి పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికొచ్చాడు. రెండున్నర మీటర్ల దూరంలో కొవ్వొత్తి ఆరిపోయింది. టేపు పెట్టి కొలిచాడు. మూడుసార్లు చేసినా అంతే. ఆయన మొహం పెళ్లివారి మొహంలా వెలిగిపోయింది.

"ఏం క్వాలిటీ అండీ! మన పొడి ఏదీ ఇంత దూరం నుంచి పని చెయ్యదు!" అన్నాడు.

"బాబూ, నాకు ఆయాసంగా ఉంది. ఆస్పత్రికి చీటీ రాసిస్తే..." అన్నాడు పైడిరాజు.

విద్యాధరరావు దుర్మార్గుడు కాదు. పత్రం తెప్పించి పదకొండో భాగం శ్రద్ధగా చదివాడు. మామూలుగా వాడితే ఈ పొడి వల్ల మనుషులకు ఏ జబ్బూ రాదని అందులో ఉంది. పైడిరాజుకు జబ్బు చేసిందంటే పత్రం తప్పనాలి. పత్రానికి ఆమోదముద్ర ఉంది కాబట్టి అది తప్పు కాదు. కాబట్టి పైడిరాజుకు జబ్బు లేదు. జబ్బు లేకుండా మంటలార్పుతున్నాడంటే అతను మనిషి కాదు. ఫ్యాక్టరీలో మనుషులు కానివి యంత్రాలూ సరుకూ మాత్రమే. యంత్రమైతే ఆయిలు పొయ్యాలి, ఇతనికెవరూ పొయ్యలేదు, కాబట్టి సరుకే. ఇంత తేటగా ఆలోచించగలిగినందుకు ఆఫీసరుకు తనమీద తనకే ముచ్చటేసింది. పైడిరాజు చొక్కా జేబుకు బ్యాచి నంబరున్న సరుకు చీటీ అంటించాడు.

విచారణ కూడా జరిగింది, జరగలేదనకూడదు. పైడిరాజుకు ఆరేళ్లుగా షుగరు. తన వంతు బెల్లం తినకుండా రోజూ ఇంటికి పట్టుకెళ్లి కూతురు లహరికి పెట్టేవాడు. "రక్షణ పరికరాన్ని బయటివారికి ఇచ్చినాడు" అని విచారణలో తేలింది. నాలుగు గంటలకు షిఫ్టు దిగి గేటు దగ్గరికెళ్తే వాచ్‌మన్ అడ్డుపడ్డాడు.

"ఏటి పైడిరాజూ, బ్యాచి నంబరుతో బయటికెలా ఎల్తావు? సరుక్కి పాసుండాల."

సాయంత్రం నూకరత్నం పరిగెత్తుకొచ్చింది. మొగుణ్ణి గోదాములో చెక్క బల్ల మీద కూర్చోబెట్టి, గుండెలదాకా ప్లాస్టిక్కు చుట్టి ఉంచారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన పక్కనే ఉన్నా ఆ మంట మాత్రం ఆరలేదు.

"మా ఆయన్ని మా ఇంటికి పంపండి బాబూ. ఇంకేటీ అడగను," అంది విద్యాధరరావుతో.

"పంపకూడదని నాకేమైనా కక్షా అమ్మా? పద్నాలుగో భాగం చూడు. విడివిడిగా ఇస్తే తెలియనివాళ్లు ఎలాపడితే అలా ముట్టుకుంటారని, ఈ సరుకు టన్నుకు తక్కువైతే గేటు దాటించకూడదు. ఈయన యాభై కిలోలు. ఇలాంటివి ఇరవై అయితే ఒక లాటు. లాటు పూర్తయితే నీ సంతకానికే ఇచ్చేస్తాను."

"అవ్వకపోతే?"

"మార్చి ముప్పై ఒకటికి గోదాము ఖాళీ చెయ్యాలి కదమ్మా. ఎక్కడో ఉత్తరాదిలో సినిమా హాళ్లవాళ్లు అడుగుతున్నారు. హాలుకొకణ్ణి నిలబెట్టుకుంటే లైసెన్సు తేలిగ్గా వస్తుందట."

సంచుల షెడ్డులో సరిగ్గా ఇరవై మందే పని చేస్తారు. అందరూ ఒకే ఏడాది చేరినవాళ్లు, అందరూ యాభై కిలోల దగ్గరే ఆగినవాళ్లు. నూకరత్నం ఆ రాత్రి ఏడ్చింది. తెల్లారి లేచి, తక్కిన పంతొమ్మిది మంది ఇళ్లకూ వెళ్లి సంగతి చెప్పింది.

ఆ వీధుల్లో అప్పట్నుంచి ఒకటే సంబరం! కుళాయి దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు, "మీ పొయ్యి ఆరిందేటే?" అని ఆత్రంగా అడిగేవారు. ఆరినవాళ్లు సిగ్గుపడుతూ పంచదార పంచేవారు. ఆరనివాళ్లు మొగుళ్లను సూటిపోటి మాటలతో చంపేవారు. "అందరికీ అయింది, నీకేటి రోగం?" అని ఒకావిడ నిలదీస్తే, ఆయన తలొంచుకుని ఇంకో షిఫ్టు కూడా చేసొచ్చాడు. మూడో రోజుకి ఆయన కూడా పొయ్యి ఆర్పాడు. పట్టలేని ఆనందంతో ఆవిడ వీధంతా వినబడేలా ఈల వేసింది. గోదాముకు చేరేదాకా ప్రతివాడూ వీధిలో పొయ్యిలార్పుతూనే ఉండేవాడు కనుక వంటలన్నీ ఊరి చివరికి మారాయి. చన్నీళ్ల స్నానం ఆరోగ్యానికి మంచిదని అందరూ ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారానికి గోదాములో పంతొమ్మిది మంది పోగయ్యారు. ఆదివారాలు చూడ్డానికి రానిచ్చేవారు. సరుకును ముట్టుకునేవాళ్లు విధిగా జాగ్రత్తలు పాటించాలి కనుక అద్దాల బీరువా తెరిచి, నూకరత్నానికీ తొమ్మిదేళ్ల లహరికీ మాస్కులు, కళ్లద్దాలు, తొడుగులు ఇచ్చారు. తొడుగులు లహరి మోచేతులదాకా వచ్చాయి. పైడిరాజు మాస్కును అంత దగ్గర్నుంచి చూడడం అదే మొదలు.

"బాగుంది కదే. దీనికి గాలాడతాదా?" అని అడిగాడు.

లహరి ఇంగ్లీషు మీడియం. తండ్రి జేబు మీద అంటించిన చీటీని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "నాన్నా, ఈ పొడి పీల్చకూడదంట."

"అలగా? ఎవరికమ్మా ఆ మాట?"

"ఎవరికో రాయలేదు."

"ఇంగ్లీషులో ఉందంటే ఆల్ల ముక్కులకే అయ్యుంటాదిలే," అన్నాడు పైడిరాజు. పక్క బల్లల మీది పద్దెనిమిది మందీ ప్లాస్టిక్కు చిరిగేలా నవ్వారు. లహరికి మాత్రం ఏడుపొచ్చింది. తండ్రి మీద పడబోయి, చీటీలో తరువాతి వాక్యం చూసి ఆగింది. సరుకుకు తేమ తగలరాదు. కళ్లద్దాల లోపలే ఏడ్చుకుంది. ఆ పిల్లను చూస్తే పైడిరాజుకు పట్టలేనంత ప్రేమ వచ్చింది. సరుకుకు ప్రేమ వస్తే ఏం చెయ్యాలో పదహారు భాగాల్లో ఎక్కడా లేదు.

ఇక అందరి ఆశా ఇరవయ్యో మనిషి మీద. ఆయన పేరు గణుసు సత్తెయ్య, బక్కపలచని మనిషి. పంతొమ్మిది ఇళ్ల ఆడవాళ్లూ ఆయనకు వరసలు కలిపి క్యారియర్లు పంపారు. బెల్లం ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆయన కూడా పాపం, "మీకోసం అయిపోతానమ్మా, నాదేటుంది," అని మాటిచ్చాడు. కానీ మార్చి రెండున దగ్గడం మొదలుపెట్టి, నాలుగున పెద్దాసుపత్రిలో చనిపోయాడు. ఆయన మంచం పక్కనే నర్సు స్పిరిటు దీపం చక్కగా వెలుగుతోంది. అంటే అది మామూలు చావు. మామూలు చావులు ఎన్నయినా లాటులోకి రావు.

నూకరత్నం నేరుగా విద్యాధరరావు దగ్గరికి వెళ్లింది.

"సత్తెయ్య పోస్టు ఖాళీ ఉంది కదా బాబూ. నన్నెట్టుకోండి."

"పద్దెనిమిదేళ్లు ఆగగలవా అమ్మా?" అని అడిగేసి, ఆయనే నాలిక్కరుచుకున్నాడు. "అన్నట్టు, కొత్త రకం పొడి వచ్చిందిలే. మరీ మెత్తన. ఇది మూడు వారాల్లో పని చేస్తుందని ల్యాబువాళ్లు అంటున్నారు. అదృష్టవంతురాలివి."

కాటా మీద నలభై ఎనిమిది కిలోలు తూగింది. రెండు కిలోల లోటు తయారీలో తరుగు కింద వదిలేశారు. సరుకు అయ్యాక తన సంతకం చెల్లదు కాబట్టి, లాటును విడిపించే బాధ్యత ఎదురింటావిడకు అప్పగించింది. "నన్నూ మావనీ ఎనక గదిలో లహరి దగ్గర దింపేయండి వదినా. వంట మాత్రం మీ ఇంట్లోనే సెయ్యాల," అంది. ఎదురింటావిడ దానికేముందంది.

మార్చి ఆరు, శుక్రవారం, మొదటి షిఫ్టు. సంచుల షెడ్డులో పొడి ఎండలో తెల్లగా తేలుతోంది. సూపర్‌వైజరు కొత్త మనిషికి పని చూపించి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే కొంచెం నయమని తన మంచితనం కొద్దీ చెప్పాడు. నూకరత్నం కొంగు తీసి నడుముకు బిగించి దోపుకుంది.

"ఒద్దు బాబూ. బేగి అవ్వాల. మా లహరి గుంట కాసుకూర్చుంది," అంది. తొట్టి మీదికి బాగా వంగి, నోరు తెరిచి, గుండెలనిండా పీల్చింది.