యంత్రానికి మేత

పట్టణంలోని ప్లాస్టిక్ పునర్జన్మ కర్మాగారం అత్యంత విజయవంతంగా నడుస్తోందని ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. దానికి ఇప్పటికి ఆరుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. ఒక్కసారి ప్రారంభించి ఊరుకునే మామూలు కర్మాగారాలతో దీన్ని పోల్చకూడదు.

అందులోని యంత్రం సామాన్యమైనది కాదు. ప్లాస్టిక్ ఒక పొడవాటి పూసల దండ అనుకుంటే, ఈ యంత్రం దాన్ని ద్రావకంలో ఉడికించి, దారం తెంపి, పూసల్ని విడివిడిగా రాలుస్తుంది. తెల్లటి పొడి వస్తుంది. ఆ పొడితో మళ్లీ సరికొత్త దండ గుచ్చుకోవచ్చు. ఇదంతా నిజమే. ప్రయోగశాలలో కెమిస్టుగా ఉన్న కోడలమ్మ గాజు జాడీలో ఇదే పని ఎన్నోసార్లు చేసి చూసింది. ఆమెకు కోడలమ్మ అన్న పేరు ఎందుకొచ్చిందో కాసేపట్లో తెలుస్తుంది.

యంత్రానికి ఉన్న లోపం ఒక్కటే. అది మహా సుకుమారి. ఒకే రకం ప్లాస్టిక్, అదీ శుభ్రంగా కడిగి ఆరబెట్టినది అయితేనే ముట్టుకుంటుంది.

మొదటి నెలలో పట్టణం నుంచి ఎనభై నాలుగు లారీల చెత్త వచ్చింది. అందులో ప్లాస్టిక్ కూడా ఉంది. దానితో పాటు తెగిన చెప్పులు, పిల్లల డైపర్లు, ఎవరివో కట్టుడు పళ్లు ఉన్నాయి. కోడలమ్మ ప్రతి లారీ నుంచీ గుప్పెడు తీసి పరీక్షించి, కాగితం మీద ‘తిరస్కరించడమైనది’ అని ముద్ర కొట్టింది. మున్సిపల్ ఛైర్మన్ గారు ఆమెను పిలిపించారు.

“ఏమ్మా, ఒక్క లారీనైనా లోపలికి రానివ్వవేంటి? చెత్త కర్మాగారానికి చెత్త పనికిరాదంటే నలుగురూ నవ్వరూ?”

“వేరే రకాలు కలిస్తే లోపలంతా జిగురైపోతుంది సార్.”

“మనుషులం మనం అన్ని రకాలవాళ్లం కలిసి బతకట్లేదూ?”

ఎనభై అయిదో లారీని సామరస్య ప్రాతిపదికన లోపలికి పంపారు. యంత్రం రెండుసార్లు తేన్చి, ఒకసారి దగ్గి, నల్లటి జిగురు కక్కి ఆగిపోయింది. దాన్ని గడ్డపారలతో పెళ్లగించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఛైర్మన్ గారు దానికి ‘ఉప ఉత్పత్తి’ అని నామకరణం చేసి గాజు పెట్టెలో ప్రదర్శనకు పెట్టించారు. చూడటానికి నిపుణుల బృందం వచ్చింది.

ఆ బృందమే కథ మార్చేసింది. వాళ్లు జిగురును చూసి తలలూపారు, ఉపన్యాసాలిచ్చారు, నాలుగు వందల బాటిళ్ల నీళ్లు తాగి వెళ్లారు. ఖాళీ బాటిళ్లన్నీ ఒకే రకం. తళతళలాడుతున్నాయి. కోడలమ్మ వాటిని యంత్రంలో వేయించి, ఉద్యోగంలో మొదటిసారి ‘స్వీకరించడమైనది’ అనే ముద్రను దుమ్ము దులిపి వాడింది. మల్లెపూవులాంటి పొడి వచ్చింది. ఆమె కళ్లు చెమర్చాయి.

“అంటే మనకు కావలసింది చెత్త కాదు,” అన్నారు ఛైర్మన్ గారు, “అతిథులు!”

అప్పటి నుంచి రోజుకు పది బృందాలు. వచ్చినవాళ్లు యంత్రాన్ని చూడకపోయినా ఫర్వాలేదు గానీ తలా నాలుగు బాటిళ్లు తాగందే గేటు తీయరు. యంత్రం ముందున్న వరస కన్నా మరుగుదొడ్ల ముందున్న వరస పొడవైంది. అయినా యంత్రం ఆకలి తీరలేదు. దాంతో పాన విభాగం ఏర్పాటు చేసి, పన్నెండుమందిని శాశ్వత ప్రాతిపదికన తాగడానికి నియమించారు. ప్రవేశ పరీక్షలో కెమిస్టు గారి అత్తగారు ప్రథమురాలిగా నిలిచి, సీనియర్ పానాధికారిణి అయ్యారు. హోదాలో కెమిస్టు కన్నా రెండు మెట్లు పైన. ఆ రోజు నుంచి కెమిస్టు గారు అందరికీ కోడలమ్మ.

“పొద్దున్నుంచీ పదకొండు ఖాళీ చేశానే,” అనేవారు అత్తగారు ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని. “నీదేముంది, కూర్చుని ముద్రలు కొట్టడమేగా!”

ఈలోగా ఇంకో చిన్న విశేషం జరిగింది. కర్మాగారం బాటిళ్లు నింపే షెడ్డు పట్టణపు నీళ్ల గొట్టం నుంచే నీళ్లు లాగేది. ముందు మేడ మీద కుళాయిలు ఆగాయి, తర్వాత కింది కుళాయిలు గాలి ఊదాయి. జనం బాటిల్ నీళ్లతోనే వండుకున్నారు, ఉతుక్కున్నారు. కోడలమ్మ స్నానానికి ఇరవై ఆరు బాటిళ్లు పట్టేవి, పొదుపుగా. ఖాళీలన్నీ కర్మాగారానికి చేరాయి. రీసైక్లింగ్ ఏడింతలు పెరిగిందని పట్టణానికి ఓ ప్లాస్టిక్ షీల్డు బహూకరించారు. కోడలమ్మ అలవాటుగా దాన్ని పరీక్షించింది. యంత్రానికి పనికిరాని రకం.

ఆమె ఛైర్మన్ గారికి ఒక పేజీ ఉత్తరం రాసింది. నీళ్లు కుళాయికి వదిలేస్తే బాటిళ్లతో పనే లేదనీ, బాటిళ్లు లేకపోతే ఉడికించే పనీ తగ్గుతుందనీ, అప్పుడు యంత్రాన్ని అసలైన చెత్తకు తగినట్టు మార్చుకోవచ్చనీ దాని సారాంశం. ముందుగా అత్తగారికి చూపించింది.

అత్తగారు రెండుసార్లు చదివారు. మడిచి తిరిగి ఇచ్చారు.

“నిజమేనే. కానీ నలభై ఏళ్లు వంటింట్లో ఉన్నాను. ఉద్యోగమిచ్చి శాలువా కప్పింది వీళ్లేగా.”

ఉత్తరంపై చర్చకు పట్టణ సభ పెట్టారు. హాలు నిండిపోయింది. వచ్చినవారికల్లా తలుపు దగ్గరే తలా ఒక బాటిల్ చేతికిచ్చారు. ఛైర్మన్ గారు ఉత్తరం చదవకుండానే జవాబిచ్చారు.

“సోదర సోదరీమణులారా! కుళాయి నీళ్లు తాగేవాడు స్వార్థపరుడు! తాగుతాడు, గ్లాసు కడుగుతాడు, బోర్లిస్తాడు, వెళ్లిపోతాడు. యంత్రానికి ఏం మిగిల్చాడు? భావితరాలకు ఏం మిగిల్చాడు?”

చప్పట్లు మోగాయి. ఇళ్లల్లో మిగిలిన కుళాయిలను కూడా పీకించాలన్న తీర్మానం ప్రవేశపెట్టారు. అభ్యంతరం చెప్పడానికి ముందు వరసలోని కోడలమ్మ లేచింది. హాల్లోని గోలలో ఆమె మాట ఎవరికీ వినపడలేదు. మాట్లాడే అవకాశం కోరుతూ చెయ్యెత్తింది. చేతిలో బాటిల్ అలాగే ఉంది.

సరిగ్గా అదే క్షణంలో “అనుకూలమైనవారు చేతులెత్తండి” అన్నారు ఛైర్మన్ గారు.

పక్కన అత్తగారు కోడలి వంక చూసి, నిట్టూర్చి, తన చెయ్యి కూడా ఎత్తారు. ఆ వెనక వరస, ఆ వెనక వరస, హాలంతా లేచింది. వ్యతిరేకించేవారు ఎత్తండి అనేసరికి అందరి చేతులూ నొప్పి పుట్టి ఉన్నాయి. కోడలమ్మ మాట్లాడబోయేసరికి మైకు తీసేశారు.

తీర్మానం ఏకగ్రీవమైంది. మరుసటి వారం కుళాయిలు పీకడానికి వచ్చిన ప్లంబర్ని ఏ ఇంటివాళ్లూ తిట్టలేదు. తమకేం ఇష్టం లేదనీ, అంత చదువుకున్న మనిషే ముందుగా చెయ్యెత్తితే ఏదో ఉంటుందనుకుని తామూ ఎత్తామనీ మాత్రం ప్రతి ఇంట్లోనూ అతనికి చెప్పారు.