రెండు కోట్ల దూది

ఆ రోజు మాష్టారు పెట్టుకున్న పని ఒక్కటే. పదిన్నరకల్లా దూదిని సందు చివరి సెలూన్‌కి తీసుకెళ్ళి, నున్నగా గొరిగించి తీసుకురావాలి.

దూది స్పిట్జ్ జాతి కుక్క. నక్క మూతి, నల్లటి బొత్తాం లాంటి ముక్కు, వీపు మీదికి చుట్ట తిరిగిన తోక, మెడ చుట్టూ మఫ్లరు కట్టినట్టు తెల్లటి బొచ్చు. ఆ బొచ్చే ఇప్పుడు మెట్ల నిండా రాలుతోంది. పై వాటాలో ఉండే ఇంటి యజమాని లాయరు. నిన్న కోర్టులో ఆయన నల్ల కోటు చూసి జడ్జి గారు, "ఇంట్లో పరుపులు కుట్టిస్తున్నారా?" అని అడిగారట. అందుకని లాయరు గారు పొద్దున్నే దిగివచ్చి, సాయంత్రానికి ఆ బొచ్చయినా పోవాలి, కుక్కయినా పోవాలి అని తేల్చి వెళ్ళారు.

దూది మాష్టారి భార్య పెంచిన కుక్క. ఆవిడ రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని దాన్ని దువ్వేది. ఆవిడ పోయి పదకొండు నెలలయింది. దువ్వెన సొరుగులో ఉంది. మాష్టారు ఆ సొరుగు తీయలేదు.

బయల్దేరే ముందు ఎందుకయినా మంచిదని పశువుల డాక్టరుకి ఫోన్ చేశారు. గొరిగించొద్దన్నాడు డాక్టరు. ఈ జాతికి ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుందట. పొరని కోటు అంటారట. మాష్టారికి చెవులు కాస్త మందం. విన్నది పైకి అప్పజెప్పుకుంటే గాని బుర్రకెక్కదు.

"రెండు కోట్లా? మా దూదికా? ఒకటి పైకి కనిపించేది, ఒకటి లోపల దాగి ఉండేది... గొరిగిస్తే మళ్ళీ సరిగ్గా రాదా? అయితే చెయ్యి వెయ్యనివ్వను."

రోజూ దువ్వుతున్నారా అని డాక్టరు అడిగినప్పుడు మాత్రం ఆయన పైకి అప్పజెప్పలేదు.

మెట్ల మీద లాయరు గారి భార్య బట్టల బకెట్టు కింద పెట్టేసింది. ఒకటి పైకి కనిపించేది, ఒకటి లోపల దాగేది అంటే ఏమిటో లాయరు ఇంటి మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గొరిగించే దారి లేదు గనక ఇక పోవలసింది కుక్కే. మాష్టారు చెల్లెలికి ఫోన్ చేసి, సాయంత్రం దూదిని తెచ్చి దింపుతానన్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి రెండుసార్లు మంచినీళ్ళు తాగారు. ఫోన్ పెట్టేసరికి లాయరు గారు గుమ్మంలో ఉన్నారు, కోర్టుకి తయారై, నల్ల కోటుతో, నవ్వుతూ.

"ఇంత విషయం మా దగ్గర దాస్తారా మాష్టారూ?"

"దాచే వీలుంటే దాద్దును బాబూ. పక్క దులిపితే అదే, చక్కెర డబ్బా మూత తీస్తే అదే. రోజూ ఊడ్చి చెత్తబుట్టలో పోస్తున్నాను."

లాయరు గారు గోడ పట్టుకున్నారు. "చెత్తబుట్టలోనా? మీ ఆవిడగారే ఉంటే ఏమనేవారు?"

"ఆవిడ ఇచ్చి వెళ్ళిందే కదా. సాయంత్రం చెల్లెలి ఇంట్లో దింపేస్తాను."

అస్సలు వద్దన్నారు లాయరు గారు. కుక్క గుమ్మం దాటడానికి వీల్లేదనీ, ఇకమీదట దాని మంచీ చెడ్డా తను చూసుకుంటాననీ అన్నారు. మాష్టారికి ఏమీ అర్థం కాలేదు. మనిషి మంచివాడే, పొద్దున్న ఏదో చిరాకులో ఉన్నాడు అనుకుని కాసేపు నడుం వాల్చారు.

లేచేసరికి దూది లేదు.

చేతిలో గొలుసుతో మాష్టారు వీధిలో పడ్డారు. ఇస్త్రీ బండి ఆవిడ ఇస్త్రీపెట్టె ఆపి, "ఆ మూడు కోట్ల కుక్కేనా తాతగారూ?" అంది. డాక్టరు రెండేగా చెప్పింది అనుకుంటూ సెలూన్ దాకా వెళ్ళారు. అక్కడికి చేరేసరికి ఆ కోట్లు అయిదయ్యాయి. ఈ ఎండలో అయిదు కోట్లతో ఆ మూగజీవం ఎక్కడ సొమ్మసిల్లిందో అని ప్రతి చెట్టు నీడా వెతికారు. వీధంతా పేరు పెట్టి పిలిచారు. పలకలేదు.

తిరిగి వచ్చేసరికి పై వాటాలోంచి తెలిసిన మొరుగు. మాష్టారు మెట్లు ఎలా ఎక్కారో ఆయనకే తెలియదు.

లాయరు గారు కోర్టు మానుకున్నారు. సోఫాలో ఫ్యాను కింద నల్ల కోటుతోనే ఆయన, ఆయన ఒళ్ళో దూది. మాష్టారు తలుపు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయారు. దూది దూకి వచ్చి ఆయన చెవి నాకింది.

"భద్రంగా ఉంటుందని తెచ్చాం," అన్నారు లాయరు గారు. "అమ్మదలుచుకుంటే కాగితాలు నేనే రాస్తాను. రెండు కోట్లకి తగ్గొద్దు."

అప్పుడు మాష్టారికి విషయం అర్థమయింది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషి.

"కోటి కాదు బాబూ, కోటు. రెండింటికీ బహువచనం ఒకటే. తప్పు నాది, ఏకవచనంలో చెప్పవలసింది." దూది వీపు మీద బొచ్చు వేళ్ళతో పాయ తీసి చూపించారు. పైన బిరుసుగా పొడుగాటి వెంట్రుకలు, అడుగున పాలనురుగు లాంటి నూగు. "ఇదొకటి, ఇదొకటి."

లాయరు గారి ముఖం పొద్దుటి రంగుకి తిరుగుతుండగా ఆయన భార్య అందుకుంది.

"గెంటేస్తే గెంటేయండి. ఎందుకు గెంటేశారని వీధంతా అడుగుతుంది. ఏం చెప్పాలో కూడా మీరే చూసుకోండి."

లాయరు గారు కిటికీలోంచి వీధి వంక చూశారు. "కుక్క ఉంటుంది," అన్నారు చివరికి. "కానీ ఆ రాలడం?"

"దువ్వితే మెట్ల దాకా రాదు. ఇన్నాళ్ళూ దువ్వలేదు," అన్నారు మాష్టారు. "ఇవాళ్టి నుంచి దువ్వుతాను."

కిందికి వచ్చి, దూదిని తేవడం లేదని చెల్లెలికి చెప్పి, సొరుగు తీశారు. దువ్వెన పళ్ళలో పాత వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. వాటిని తీసి జేబులో పెట్టుకుని, దూదిని తీసుకుని గుమ్మంలో కూర్చున్నారు.

పైన లాయరు గారు సోఫాలోంచి లేచారు. ఇప్పుడు ఆయనకీ రెండు కోట్లు: లోపల నల్లది, పైన తెల్లది.