పిట్టలంటే ఇష్టం ఉన్నవారు అనర్హులు

కొండను కాపాడే పని ఆ కొండ మీద లాభం ఉన్నవాళ్ళకే అప్పగించాలి. ఏ లాభమూ లేనివాడు అంత దూరం ఎందుకెక్కుతాడు, చెప్పండి?

నమ్మకం కుదరకపోతే పద్మ సంగతి వినండి. అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఈ అమ్మాయి శనివారమొస్తే గంటన్నర డ్రైవ్ చేసి ఒక కొండ ఎక్కుతుంది. పైన చెట్లుండవు. మోకాలెత్తు బ్లూబెర్రీ పొదలు, వాటి మొదళ్ళ దగ్గర నేల మీదే గూడు కట్టుకునే పిట్టలు. ఆ కొండను మన తెలుగువాళ్ళే కొందరు కలిసి కొని, పరిరక్షణకని ట్రస్ట్ పెట్టారు. నడిపేది ముగ్గురి కమిటీ.

ఛైర్మన్ శశికాంత్‌కి పొదలు కాల్చి నేల చదును చేసే కంపెనీ ఉంది. ఏ పొద ఎప్పుడు కాల్చాలో ఆయనకన్నా ఎవరికి తెలుస్తుంది? సెక్రటరీ వీరభద్రరావు కొండ అంచున క్యాబిన్లు కట్టి అద్దెకిస్తాడు. పొదలు పోతే లోయ ఎంత అందంగా కనిపిస్తుందో ఆయనకన్నా ఎవరు చెప్పగలరు? మూడో మెంబర్ పద్మ. ఆమెకు ఏ కంపెనీ లేదు, పాపం.

మే నెల మీటింగ్‌లో, ఆ వారమే పొదలు కాల్చాలని తీర్మానం పెట్టారు.

"ఇప్పుడెలా కాలుస్తారండీ? గూళ్ళ నిండా గుడ్లున్నాయి" అంది పద్మ.

"కాలిస్తేనే కొండకి మంచిదమ్మా. స్టడీ చేయించాం" అన్నాడు శశికాంత్.

"ఎవరు చేశారు?"

"మా కంపెనీవాళ్ళే. బయటివాళ్ళకి మన కొండ సంగతి ఏం తెలుసు?"

పద్మకు ఒళ్ళు మండింది. తాను ఒప్పుకోనంది. ఓటేసినవాళ్ళలో ఒక్కరు కాదన్నా కాల్చకూడదని ట్రస్ట్ రూలు. వీరభద్రరావు వెంటనే ఒక ఫారం తీశాడు. కొండ విషయంలో సొంత ఇంటరెస్ట్ ఉన్నవాళ్ళు ఆ ఫారంలో రాసి, ఓటింగప్పుడు బయటికి వెళ్ళాలి. మగవాళ్ళిద్దరూ "ఏమీ లేదు" అని రాశారు. పద్మ ఉన్నది ఉన్నట్టు "పిట్టలంటే ఇష్టం" అని రాసింది.

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావు. కాసేపు బయట కూర్చోమ్మా" అన్నాడు వీరభద్రరావు.

పద్మ వెళ్ళి కార్‌లో కూర్చుంది. కళ్ళు తుడుచుకునేలోపే ఆయన ఆయాసపడుతూ వచ్చాడు.

"రూమ్‌లో ముగ్గురూ లేకపోతే ఓటు చెల్లదట. ఊరికే వచ్చి కూర్చో చాలు."

"ఎలా వస్తానంకుల్? నాకు ఇంటరెస్ట్ ఉందిగా" అంటూ పద్మ కార్ స్టార్ట్ చేసింది.

మీటింగ్ జూలైకి వాయిదా పడింది. అప్పటికి గూళ్ళలోని పిట్టపిల్లలన్నీ ఎగిరిపోయాయి. ఈ ఏడాది పిట్టలను కాపాడింది తామేనని ట్రస్ట్ రిపోర్ట్‌లో కమిటీ రాసుకుంది. కింద శశికాంత్ సంతకం. అందులో అబద్ధమేమీ లేదు. కమిటీ పిట్టలకు నిజంగానే ఒక మేలు చేసింది. మే నెలలో ఏ నిర్ణయమూ తీసుకోలేకపోయింది.